హెపటైటిస్ సి: 'ఏ రకం?' అని అడిగే ముందు అడగాల్సినవి

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. తీరిక చూసుకుని చదవండి, ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

పోయిన వారం మన వాట్సాప్ గ్రూపులో హెపటైటిస్ సి గురించి రెండు ఫార్వర్డులు వచ్చాయి. మొదటిది ఏమందంటే, జీనోటైప్ టెస్ట్ చెయ్యకుండా ఏ డాక్టరు మందు రాసినా ఒప్పుకోకండి, రకం తెలియకుండా వేసుకునే మందు దండగ అని. గంట తిరక్కుండానే రెండోది వచ్చింది. జీనోటైప్ టెస్ట్ అంతా ల్యాబుల దోపిడీ, ఎవరూ చేయించుకోవద్దు అని. మొదటిదానికి దండాల బొమ్మలు పడ్డాయి, రెండోదానికి చప్పట్ల బొమ్మలు పడ్డాయి. రెండింటికీ పెట్టినవాళ్లూ ఉన్నారు.

రైల్వేలో పని చేసినవాడిగా నాకు తోచింది ఒకటే. ఆ మెసేజ్‌లు రెండూ సంవత్సరం అచ్చు వెయ్యని టైంటేబుళ్లు. మొదటిదానిలో ఉన్నది పదిహేనేళ్ల కిందటి నిజం. అప్పట్లో ఆ మాట ఏ పెద్ద డాక్టరైనా చెప్పేవాడు. రెండోది ఇవాళ్టి సగం నిజం. మిగతా సగం వదిలేసింది. పాత టైంటేబులు పట్టుకుని స్టేషనుకు వెళ్తే రైలు పోతుంది, అంతే. వైద్యంలో పాత మాట పట్టుకుంటే పోయేది రైలు కాదు.

ఇది ఊరికే వాదన కోసం రాయడం లేదు. మనకు తెలిసిన ఒక కుటుంబానికి ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది. ఎవరో చెప్పను, మీరూ ఆరా తీయకండి. హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్షల్లో ఇంటాయనకు హెపటైటిస్ సి బయటపడింది. జీనోటైప్ చేయించాకే ఏదైనా అని ఎవరో చెప్పారు. ఆ డబ్బు కూడదీసుకోవడంలో మూడు నెలలు పోయాయి. ఆ మూడు నెలలూ ఆయన ఒక్క మాత్ర వేసుకోలేదు. ప్రభుత్వంలో ఆ మందు ఉచితంగా ఇస్తున్నారని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జీనోటైప్ పరీక్ష చెడ్డది కాదు, అవసరమైన చోట చాలా అవసరం. కానీ మనలో ఎక్కువమందికి అది చికిత్సకు వాకిలి కాదు. దాన్ని వాకిలి చేసి రోగిని బయట నిలబెట్టడమే తప్పు.

మొదట జబ్బు సంగతి. కామెర్లు అనే ఒక్క పేరు కింద మనం చాలా జబ్బుల్ని కలిపేస్తాం. వానాకాలంలో నీళ్లు కలుషితమై వచ్చే కామెర్లు ఎక్కువగా హెపటైటిస్ ఎ, ఇ. అవి చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. అందుకే వాటికి పసరు తాగినా తగ్గినట్టే కనిపిస్తుంది. కీళానెల్లి, అదే మన నేల ఉసిరి, ఇక్కడ ప్రతి వీధిలోనూ తెలిసిన మందు. 1988లో మన మద్రాసు పరిశోధకులు ఆ మొక్క హెపటైటిస్ బి మీద పని చేస్తుందని లాన్సెట్ పత్రికలో రాశారు, లోకమంతా చూసింది. కానీ తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. అది కూడా 'బి' సంగతి, 'సి' కాదు.

హెపటైటిస్ సి రక్తం ద్వారా వస్తుంది. ఒకే సూది పదిమందికి వాడటం, పరీక్ష చెయ్యని రక్తం ఎక్కించడం, సరిగ్గా శుభ్రం చెయ్యని డయాలిసిస్ సామాను, పచ్చబొట్టు సూదులు, ఇలాంటివి దారులు. ఒకే కంచంలో తింటే రాదు, పక్కన పడుకుంటే రాదు, కౌగిలించుకుంటే రాదు. మన దేశంలో బ్లడ్ బ్యాంకుల్లో దీనికి పరీక్ష తప్పనిసరి అయింది ఈ శతాబ్దం మొదట్లోనే. అంతకుముందు ప్రసవానికో ఆపరేషన్‌కో ప్రమాదానికో రక్తం ఎక్కించుకున్నవాళ్లు మన వయసువాళ్లలో ఎంతమంది ఉన్నారో లెక్క వేసుకోండి. గాజు సిరంజీ గిన్నెలో ఉడికించి వీధి మొత్తానికి ఇంజెక్షన్ వేసిన రోజులు మనకు గుర్తే. ఇప్పటికీ డాక్టరు మాత్ర రాస్తే చాలనిపించక, ఒక ఊసి పోడుంగ అని అడిగేవాళ్లు మనలో ఉన్నారు.

ఈ వైరస్ ఒంట్లో చేరినా ఇరవై ముప్పై ఏళ్లు ఏమీ చెప్పదు. నొప్పి ఉండదు, కళ్లు పచ్చబడవు. లోపల కాలేయం మెల్లగా గట్టిపడుతూ ఉంటుంది. దీర్ఘకాలంగా ఉన్నవాళ్లలో నూటికి 15 నుంచి 30 మందికి ఇరవై ఏళ్లలో సిర్రోసిస్ వచ్చే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో 55 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు.

ఇప్పుడు పరీక్షల వరుస. ఇది మూడు మెట్లు. మొదటి మెట్టు యాంటీబాడీ పరీక్ష. రిపోర్ట్‌లో యాంటీ హెచ్‌సీవీ అని ఉంటుంది. ఇది పాజిటివ్ అంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం. ఇప్పుడు ఉందని కాదు. నూటికి 15 నుంచి 45 మందికి మందు లేకుండానే మొదటి ఆరు నెలల్లో వైరస్ పోతుంది, కానీ యాంటీబాడీ ఉండిపోతుంది. అందుకే రెండో మెట్టు, హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. వైరల్ లోడ్ అనేది దీన్నే. ఇప్పుడు వైరస్ ఉందా లేదా తేల్చేది ఇదే. ఇది పాజిటివ్ అయితేనే రోగి. జీనోటైప్ ఆ తర్వాతి మాట. వైరస్సే లేకపోతే దాని రకం ఎక్కడ చూస్తారు? యాంటీబాడీ రిపోర్ట్ చూడగానే జీనోటైప్‌కు డబ్బు వెతుక్కోవడం మొదలుపెడితే, అసలు చెయ్యాల్సిన రెండో మెట్టును దాటేసినట్టే.

సరే, జీనోటైప్ అంటే ఏమిటి? ఇక్కడ మాట దగ్గరే ఒక చిక్కు ఉంది. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ని కాబట్టి నాకు ముందు ఆ భాష మాటే తడుతుంది. తమిళంలో జన్యువును మరబణు అంటారు. మరబు అంటే వంశపారంపర్యంగా వచ్చేది. తెలుగులో జన్యురకం అన్నా అదే ధ్వని. నేను చెప్పిన ఆ ఇంట్లో పెళ్లీడు కూతురు ఉంది. ఇది మరబణు జబ్బా, పిల్లకు కూడా వస్తుందా, సంబంధాలు ఏమవుతాయి అని ఆ తల్లి రాత్రుళ్లు నిద్ర మానేసింది. నిజం ఏమిటంటే, ఆ జన్యువు వైరస్‌ది. రోగిది కాదు, రోగి వంశానిది కాదు. తల్లికి వైరస్ ఉండగా పుట్టిన బిడ్డకు రక్తం ద్వారా సోకే అవకాశం నూటికి ఐదారుగురికి ఉంటుంది. అది వేరే సంగతి, దాన్ని వంశపు జబ్బు అనరు.

ఇంకొక అపోహ. జీనోటైప్ 3 అని రిపోర్ట్ వస్తే మూడో స్టేజీ అనుకుని ఏడ్చినవాళ్లు ఉన్నారు. క్యాన్సర్ స్టేజీల మాటలు వినీ వినీ అలా అనిపిస్తుంది. 1, 2, 3 అన్నవి పేర్లు మాత్రమే. మన గోత్రాల్లాంటివి. ఒక గోత్రం వాడు ఇంకో గోత్రం వాడికంటే ముదిరినవాడు అనం కదా. హెపటైటిస్ సి వైరస్‌కు ఇప్పటికి 8 గోత్రాలు తెలుసు. ఎనిమిదోదాన్ని 2018లో ప్రకటించారు, అది దొరికింది కెనడాలో ఉన్న పంజాబ్ మూలాల రోగుల్లో. ఒక్కో గోత్రంలో 1ఎ, 1బి, 3ఎ, 3బి అని ఇంటిపేర్లు కూడా ఉన్నాయి. ఒక రకానికీ ఇంకో రకానికీ జన్యు అక్షరాల్లో సుమారు 30 శాతం తేడా. ఈ వైరస్‌కు ఇంతవరకు టీకా రాకపోవడానికి ఈ వైవిధ్యం ఒక పెద్ద కారణం. మన దేశంలో అన్నిటికంటే ఎక్కువ కనిపించేది 3, దాని తర్వాత 1. దక్షిణాదిలో 1 వాటా ఉత్తరాదికంటే ఎక్కువ.

ఇక ఆ మొదటి ఫార్వర్డు ఒకప్పుడు ఎందుకు నిజమో చూద్దాం. ఈ వైరస్‌ను గుర్తించింది 1989లో. ఆ పరిశోధనకే హార్వీ ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. 2013 దాకా చికిత్స అంటే వారం వారం ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, రోజూ రైబావిరిన్ మాత్రలు. ఖర్చు లక్షల్లో. జ్వరం, ఒళ్లు నొప్పులు, రక్తకణాలు పడిపోవడం, మనసు కుంగిపోవడం. రకం 2, 3 అయితే 24 వారాలు, నూటికి డెబ్భై ఎనభై మందికి నయం. రకం 1, 4 అయితే 48 వారాలు. రకం 1 అయితే అంత కష్టపడ్డా నయమయ్యేది సగం మందికే. ఆరు నెలల బాధా, ఏడాది బాధా, అసలు మొదలుపెట్టాలా వద్దా, ఇవన్నీ రకం చెప్పేది. అలాంటప్పుడు డాక్టరు మొదట జీనోటైప్ అడక్క ఏం చేస్తాడు?

మన రైల్వేలో గేజు లాంటిది ఇది. ఒకప్పుడు బండి కదిలించే ముందు మీటర్ గేజా బ్రాడ్ గేజా అని అడగక తప్పేది కాదు. ఒక గేజు పెట్టె ఇంకో గేజు మీద నిలబడదు. 1992లో యూనిగేజ్ మొదలయ్యాక లైన్లు ఒక్కొక్కటే మారాయి. మన బీచ్, తాంబరం మీటర్ గేజ్ ఎలక్ట్రిక్ బండి కూడా 2004లో ఆగిపోయింది. ఇవాళ మామూలు ప్రయాణికుడు గేజు గురించి ఆలోచించడు. అలాగని ఆ ప్రశ్న పూర్తిగా చచ్చిపోలేదు. మేట్టుపాళయం నుంచి ఊటీ వెళ్లే కొండ బండి ఇప్పటికీ మీటర్ గేజే. హెపటైటిస్ సి మందుల్లోనూ జరిగింది ఇదే.

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. కొన్ని రకాలకు ఇంజెక్షన్ లేకుండానే 12 వారాలు మాత్రలే. కానీ అక్కడ ఆ 12 వారాల ధర 84,000 డాలర్లు. ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు. 2014 సెప్టెంబరులో గిలియడ్ కంపెనీ 7 భారతీయ కంపెనీలకు తయారీ లైసెన్సు ఇచ్చింది, 91 దేశాల్లో అమ్ముకోవచ్చని. వాటిలో హెటెరో మన హైదరాబాదుది. పేటెంట్ ఇవ్వకూడదని అభ్యంతరం చెప్పిన కంపెనీల్లో ఒకటైన నాట్కో కూడా హైదరాబాదుదే. 2015లో అదీ లైసెన్సు తీసుకుని హెప్సినాట్ అనే పేరుతో 28 మాత్రల సీసా 19,900 రూపాయలకు తెచ్చింది. అమెరికాలో ఆ ధరకు ఒక పూట మాత్ర కూడా రాదు. తెలుగువాళ్లుగా గర్వపడాల్సిన సంగతి ఇది. మనం సినిమా వసూళ్ల గురించి గ్రూపులో కొట్టుకుంటాం కానీ దీని గురించి ఎవరూ ఒక్క మెసేజ్ పెట్టగా నేను చూడలేదు.

అయితే ఆ మొదటి ఏళ్లలో కూడా రకం తెలియాల్సి వచ్చేది. సోఫోస్‌బువిర్‌కు తోడుగా వచ్చిన లెడిపాస్‌విర్ రకం 1, 4 లాంటివాటికి బాగా పనిచేస్తుంది, రకం 3కు సరిపోదు. మన దేశంలో ఎక్కువ ఉన్నదే రకం 3. కాబట్టి 2015, 2016లో జీనోటైప్ అడిగిన డాక్టరు సరిగ్గానే అడిగాడు. ఆ తర్వాత డక్లాటాస్‌విర్, 2016లో వెల్పాటాస్‌విర్ వచ్చాయి. వీటిలో ఏదైనా సోఫోస్‌బువిర్‌తో కలిపితే అన్ని ప్రధాన రకాల మీదా పనిచేస్తుంది. ఇదీ యూనిగేజ్. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లందరికీ ఈ అన్ని రకాల మందులే వాడమని చెప్పింది. 2022లో మూడేళ్లు నిండిన పిల్లల దాకా దాన్ని విస్తరించింది.

మన దేశంలో జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైంది. పరీక్షలూ మందులూ ఉచితం. దాని పద్ధతి క్లుప్తంగా ఇదీ. సిర్రోసిస్ లేకపోతే సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ 12 వారాలు. సిర్రోసిస్ ఉన్నా కాలేయం ఇంకా పని నెట్టుకొస్తుంటే సోఫోస్‌బువిర్, వెల్పాటాస్‌విర్ 12 వారాలు. కడుపులో నీరు చేరడం లాంటి లక్షణాలతో కాలేయం చేతులెత్తేస్తే వాటికి రైబావిరిన్ కూడా కలుపుతారు. రైబావిరిన్ పడకపోతే 24 వారాలు. ఇందులో రకం అనే మాట ఎక్కడా రాలేదు, గమనించారా? మందును నిర్ణయిస్తున్నది వైరస్ గోత్రం కాదు, రోగి కాలేయం పరిస్థితి.

కాబట్టి డాక్టరును ముందుగా అడగాల్సింది, సార్, నా కాలేయం ఏ స్థితిలో ఉంది అని. దీనికి ఖరీదైన పరీక్షే కావాలని లేదు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు, వయసు, ఈ నాలుగూ ఉంటే డాక్టర్లు ఏప్రి, ఫిబ్-4 అనే రెండు లెక్కలు వేసి కాలేయం ఎంత గట్టిపడిందో అంచనాకు వస్తారు. అనుమానం ఉంటే స్కాన్, ఫైబ్రోస్కాన్ చేస్తారు. రెండోది, నాకు హెపటైటిస్ బి కూడా ఉందా అని. సి మందు వాడేటప్పుడు నిద్రపోతున్న బి మేలుకునే ప్రమాదం ఉంది. మూడోది, నేను రోజూ వేసుకునే మాత్రలు ఇవీ, పరవాలేదా అని. ఇది మన వయసువాళ్లకు చాలా ముఖ్యం. మనలో సగం మంది పొద్దున లేవగానే గ్యాస్ మాత్ర వేసుకుంటాం. ఆ మాత్ర వెల్పాటాస్‌విర్‌ను ఒంటికి పట్టనివ్వదు. గుండె లయ తప్పినవాళ్లు వాడే అమియోడరోన్‌కూ సోఫోస్‌బువిర్‌కూ పొసగదు, గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఫిట్స్ మాత్రలు కొన్ని, టీబీకి వాడే రిఫాంపిసిన్ కూడా ఈ మందుల బలం తగ్గిస్తాయి. జీనోటైప్ రిపోర్ట్ కోసం వేలు ఖర్చుపెట్టి, గ్యాస్ మాత్ర సంగతి చెప్పకపోతే ఏం లాభం?

ఇక రెండో ఫార్వర్డు వదిలేసిన సగం. జీనోటైప్ ఇప్పటికీ కావాల్సిన సందర్భాలు ఉన్నాయి.

ఒకటి, ఇదివరకు మందు వాడి నయం కానివాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు. వాళ్లకు తర్వాతి మందు ఎంచుకోవడానికి రకం, కొన్నిసార్లు వైరస్ మందుకు లొంగని గుణం కూడా చూడాలి.

రెండు, సిర్రోసిస్ ఉన్నవాళ్లు. రకం 3కు సిర్రోసిస్ తోడైతే వైరస్ కాస్త మొండికేస్తుంది. సోఫోస్‌బువిర్, వెల్పాటాస్‌విర్ మీద జరిగిన ఆస్ట్రల్-3 అధ్యయనంలో రకం 3 ఉన్నవాళ్లలో సిర్రోసిస్ లేనివాళ్లకు 97 శాతం, ఉన్నవాళ్లకు 91 శాతం నయమైంది. 91 తక్కువ కాదు. కానీ ఆ మిగిలిన తొమ్మిది మందిలో మనవాడు ఉంటే? అలాంటి చోట రకం తెలిస్తే రైబావిరిన్ కలపాలా అని డాక్టరు ఆలోచిస్తాడు. రకం 3 కాలేయానికి కొవ్వు పట్టించే గుణం ఉన్నది కూడా. 3బి లాంటి ఉపరకాలు మందుకు తొందరగా లొంగవు.

మూడు, నయమయ్యాక మళ్లీ వైరస్ కనిపించినవాళ్లు. ఒకసారి తగ్గితే మళ్లీ రాదన్న భరోసా ఈ జబ్బులో లేదు. మొదటిసారి 3 ఉండి ఇప్పుడు 1 కనిపిస్తే పాతది తిరగబెట్టలేదు, కొత్తగా ఎక్కడో సోకిందని తెలుస్తుంది. డయాలిసిస్ సెంటరులాంటి చోట ఒకేసారి పలువురికి సోకితే దారి కనిపెట్టడానికీ ఇదే ఆధారం.

నాలుగు, డాక్టరు ఒక ప్రత్యేక కారణం చెప్పి అడిగినప్పుడు. అప్పుడు వాదించకండి. కారణం మాత్రం అడగండి. ఆ రిపోర్ట్ నా మందును మారుస్తుందా సార్, అన్న ఒక్క మాట చాలు. మారుస్తుందంటే అప్పు చేసైనా చేయించండి. మార్చదంటే మాత్రలు మొదలుపెట్టండి.

కొందరు అడుగుతారు, ప్రాణం విషయంలో లెక్కలా, తెలుసుకుంటే నష్టమేమిటి అని. డబ్బున్నవాళ్లకు నష్టమేమీ లేదు. రక్తం ఇచ్చి, రిపోర్ట్ కోసం ఆగకుండా అదే రోజు మందు మొదలుపెట్టవచ్చు. కానీ ఎస్టేట్‌లో షిఫ్టు పని చేసేవాడికి ఆ కొన్ని వేలు ఒక నెల ఇంటద్దె. పైగా ప్రతి అదనపు మెట్టు దగ్గరా కొందరు దిగి వెళ్లిపోతారు, మళ్లీ రారు. ఇది నా ఊహ కాదు. ఈజిప్టును చూడండి. అక్కడ ఒక తరం పాటు బిల్‌హార్జియా అనే పురుగు జబ్బుకు ఇంజెక్షన్లు వేస్తూ అవే సూదులు మళ్లీ మళ్లీ వాడటంతో హెపటైటిస్ సి ఊరూరా పాకింది. ఆ దేశం 2018 అక్టోబరు నుంచి 2019 ఏప్రిల్ దాకా, ఏడు నెలల్లో, సుమారు 5 కోట్ల మందికి పరీక్ష చేసింది. వేలి చుక్క, ఆర్‌ఎన్‌ఏ, మాత్రలు, అంతే. మెట్లు తగ్గించారు కాబట్టే జనం చివరిదాకా నిలబడ్డారు. 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశ విజయాన్ని అధికారికంగా గుర్తించింది.

మన సంఘం ఏం చెయ్యాలి? నా ప్రతిపాదనలు ఇవీ. కార్యవర్గం ముందు పెట్టమని కోరుతున్నాను.

మొదటిది, వైద్య సహాయ నిధి. హెపటైటిస్ సి కేసు వస్తే మనం ముందు జీనోటైప్ బిల్లుకు చెక్కు రాయకూడదు. ఒక మనిషిని తోడిచ్చి ప్రభుత్వ ఆసుపత్రికి పంపాలి. అంబత్తూరులో ఎలక్ట్రిక్ బండి ఎక్కి సెంట్రల్‌లో దిగి రోడ్డు దాటితే జీహెచ్. అటు స్టాన్లీ ఉంది. ఉచిత మందు ఏ కేంద్రంలో ఇస్తారో అక్కడ అడిగి నమోదు చేయించాలి. నిధి డబ్బు దారి ఖర్చుకు, పోయిన కూలికి ఇవ్వాలి. డాక్టరు కారణం చెప్పి జీనోటైప్ అడిగిన కేసుకు పూర్తి ఖర్చు ఇవ్వాలి.

రెండోది, వచ్చే జూలై 28, ప్రపంచ హెపటైటిస్ దినం నాటి క్యాంపు. ఏటా షుగరు, బీపీ చూసి పండ్లరసం ఇచ్చి పంపిస్తున్నాం. ఈసారి యాంటీబాడీ పరీక్ష కూడా పెడదాం. పాత రోజుల్లో రక్తం ఎక్కించుకున్నవాళ్లు, డయాలిసిస్ వాళ్లు ముందు రావాలి. ఇంకొక మాట. చెన్నైలో తెల్లవారకముందే వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. చెత్తలో మనం పారేసిన ఇన్సులిన్ సూదులు గుచ్చుకునేది వాళ్ల చేతులకే. వాళ్లు మన సంఘం సభ్యులు కారు, ఉగాదికి మనం పిలవం. ఈ క్యాంపుకైనా పిలుద్దాం, మొదటి వరుసలో కూర్చోబెడదాం. ఇన్సులిన్ వాడేవాళ్లు సూదులు గట్టి డబ్బాలో వేసి మూత బిగించి, విడిగా చేతికివ్వడం ఇవాళే మొదలుపెట్టండి.

మూడోది, గుట్టు. క్యాంపులో ఎవరి రిపోర్టూ గ్రూపులో పెట్టకూడదు, మైకులో పేరు పిలవకూడదు. రిపోర్ట్ మనిషి చేతికే వెళ్లాలి. యాంటీబాడీ పాజిటివ్ వచ్చినవాళ్లను ఆర్‌ఎన్‌ఏ దాకా తీసుకెళ్లే బాధ్యత ఇద్దరు కార్యకర్తలకు ముందే అప్పజెప్పాలి. అది చెయ్యలేకపోతే క్యాంపు పెట్టకపోవడమే మేలు. భయపెట్టి వదిలెయ్యడం సేవ కాదు.

నాలుగోది, ఫైలు. మందు పూర్తయిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష మళ్లీ చెయ్యాలి. అప్పుడు వైరస్ లేదంటేనే నయమైనట్టు. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. కానీ యాంటీబాడీ జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. పదేళ్ల తర్వాత కంటి ఆపరేషన్‌కు వెళ్తే మళ్లీ పాజిటివ్ అని కంగారు పెడతారు. ఆ రోజు ఆ నయమైన రిపోర్ట్ చేతిలో ఉండాలి. ఎప్పుడైనా జీనోటైప్ చేయించుకుని ఉంటే ఆ కాగితం కూడా అదే ఫైల్లో పెట్టండి.

నేను డాక్టరును కాను. ఎవరికి ఏ మందు, ఎన్ని వారాలు అన్నది డాక్టరే చెప్పాలి. నేను చెప్పేది ఆ గదిలోకి ఏ ప్రశ్నలతో వెళ్లాలన్నదే. ఆ కుటుంబం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఆయన ఆర్‌ఎన్‌ఏ రిపోర్ట్ వచ్చింది, సిర్రోసిస్ లేదన్నారు, పోయిన సోమవారం మాత్రలు మొదలయ్యాయి. జీనోటైప్ అడగలేదు. కూతురి సంబంధాల మాట మళ్లీ ఎత్తారని విన్నాను.

ప్రతిపాదనల మీద మీ మాట కింద రాయండి. ఫార్వర్డులు మాత్రం వద్దు, మీ సొంత మాట రాయండి.